చెక్క పొరల మధ్య కార్బన్ బట్ట

టేబుల్ టెన్నిస్ బ్యాట్‌కు అటూ ఇటూ అంటించిన రబ్బరు షీట్లను ఒలిచేస్తే పిడితో సహా మిగిలే చెక్క పలకను బ్లేడ్ అంటారు. బంతికి తగిలేది రబ్బరే అయినా ఆటగాళ్ల మధ్య ఎడతెగని చర్చ నడిచేది ఈ పలక గురించే. చెక్క పొరల మధ్య కార్బన్ పీచు పెట్టిన వేగవంతమైన బ్లేడ్ విషయంలో ఆ చర్చ మరీ ఎక్కువ. బ్లాక్ చేస్తే చాలు, బంతి దానంతట అదే దూసుకుపోతుందని ఒకరంటారు. చిన్న బంతి ఆడబోతే ఎగిరిపోతోంది, కంట్రోల్ లేదని ఇంకొకరంటారు. చేతికేమీ తెలియట్లేదని ఒకరి ఫిర్యాదు. దెబ్బ పడిందని ఇంత స్పష్టంగా చెప్పే బ్యాట్ మరొకటి లేదని మరొకరి మెప్పు. అందరూ పట్టుకున్నది ఒకే కంపెనీ, ఒకే మోడల్ బ్లేడ్ కావచ్చు. ఈ మాటల్లో చాలావరకు నిజమే. అయితే ఒక్కొక్కరు ఒక్కో సంగతి కొలిచి చెబుతున్నారు.

అంతర్జాతీయ నియమాల ప్రకారం బ్యాట్ ఏ పరిమాణంలోనైనా, ఏ ఆకారంలోనైనా, ఎంత బరువైనా ఉండవచ్చు. పలక మాత్రం చదునుగా, గట్టిగా ఉండాలి. దాని మందంలో కనీసం 85 శాతం సహజమైన కలప ఉండి తీరాలి. పొరలను అతికే జిగురులో కార్బన్ పీచు, గాజు పీచు, అదిమిన కాగితం వంటి బలాన్నిచ్చే పదార్థం వాడవచ్చు. అటువంటి పొర మొత్తం మందంలో 7.5 శాతం లేదా 0.35 మిల్లీమీటర్లు, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాన్ని మించకూడదు. ఆరు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ మందమున్న మామూలు పోటీ బ్లేడ్‌కు 0.35 మిల్లీమీటర్ల హద్దే వర్తిస్తుంది. అంటే కార్బన్ బ్యాట్ అని పిలిచేది నిజానికి చెక్క బ్యాటే. దాని గుణాన్ని మార్చేస్తున్నది చేతిగోరు మందం కూడా లేని పొర.

ఆ పొర ఎలా ఉంటుందో బళ్లారి కౌల్ బజార్‌లో జీన్స్ కుట్టేవారికి చెప్పడం తేలిక. డెనిం గుడ్డను దగ్గరగా చూస్తే ఏటవాలు గీతలు కనిపిస్తాయి. పేక పోగు ఒక్కొక్క పడుగు పోగు కింద నుంచి కాక, కొన్నింటిని దాటుకుంటూ వెళ్లడం వల్ల వచ్చే నేత అది. కార్బన్ పీచును కూడా ఇలా బట్టగా నేస్తారు. మామూలు సాదా నేత ఉంటుంది, డెనిం లాంటి ఏటవాలు నేత ఉంటుంది, పోగులన్నీ ఒకే దిక్కున పరిచి అతికినదీ ఉంటుంది. నేతలో పోగు పైకీ కిందికీ వంగుతూ పోతుంది కనుక నేసిన బట్టకన్నా తిన్నగా పరిచిన పోగులే ఎక్కువ బిగువుగా నిలుస్తాయి. కార్బన్‌తో పాటు ఆరిలేట్ అనే మరో పీచును కలిపి నేసిన బట్టకు ఈ ఆటలో ఎంతో ప్రసిద్ధి ఉంది. జపాన్ కంపెనీ బటర్‌ఫ్లై 1993లో తెచ్చిన విస్కేరియా ఈ కలనేత బ్లేడే. మూడు దశాబ్దాలు దాటినా ఇప్పటికీ కొత్త బ్లేడ్లను దానితోనే పోల్చి చూస్తున్నారు. జైలాన్ అనే మరింత బిగువైన పీచును కార్బన్‌తో కలిపి నేసిన రకాలు దాని తరువాత వచ్చాయి.

చెక్కకు ఒక సహజమైన బలహీనత ఉంది. నార పోయిన దిక్కున అది ఎంత బిగువుగా ఉంటుందో, అడ్డదిక్కున అందులో పదో వంతో, ఇంకా తక్కువో ఉంటుంది. అందుకే ఐదు, ఏడు పొరల చెక్క బ్లేడ్లలో కొన్ని పొరలను అడ్డంగా పరుస్తారు. నేసిన కార్బన్ బట్టకు పడుగూ పేకా రెండు దిక్కులా బలమే. చెక్క బిగువు కన్నా కార్బన్ పీచు బిగువు సుమారు ఇరవై రెట్లు. బ్లేడ్‌కు నడుమ కిరి అనే తేలికైన జపాను కలప, దానిమీద లింబా వంటి ఆఫ్రికా కలప, పైన కోటో లేదా హినోకి పొర ఉండి, ఆ సందులో ఈ బట్ట చేరితే పలక పిడి వైపూ అంచు వైపూ ఒకేలా గట్టిపడుతుంది. బ్యాట్ నడిమధ్య కాక కాస్త పక్కకు తగిలినా బంతి చచ్చిపోకుండా వెళుతుందని ఆటగాళ్లు అనేది ఇందువల్లే. అయితే ఈ మాట పూర్తిగా నిజం కాదు. అంచుకు తగిలిన బంతి బ్యాట్‌ను చేతిలో మెలితిప్పుతుంది. ఆ మెలికను ఆపేది బరువు ఎక్కడెక్కడ ఉందన్న సంగతీ, చేతి పట్టూ మాత్రమే. కార్బన్‌కు అందులో పాత్ర లేదు.

పొర ఎక్కడ పెట్టారన్నది ఎంత పెట్టారన్నదానికన్నా ముఖ్యం. పలక వంగినప్పుడు ఒక ముఖం సాగుతుంది, రెండో ముఖం కుంచించుకుంటుంది, నడుమ గీత మాత్రం సాగదు, కుంచించుకోదు. నడుమ గీత నుంచి ఎంత దూరంలో ఉంటే, ఆ దూరం వర్గానికి తగ్గట్టు ఆ పొర వంపును అడ్డుకుంటుంది. ఒక బ్లేడ్‌లో కార్బన్ పొర నడుమ నుంచి 2.3 మిల్లీమీటర్ల దూరంలో, అంటే పై చెక్క కిందనే ఉందనుకుందాం. ఇంకో బ్లేడ్‌లో అదే పొర 1.7 మిల్లీమీటర్ల దూరంలో, నడిమి చెక్కను ఆనుకుని ఉందనుకుందాం. పీచు అదే, బరువూ అదే. అయినా మొదటి దానిలో ఆ పొర ఇచ్చే బిగువు రెండో దానికి సుమారు 1.8 రెట్లు. బయటి కార్బన్, లోపలి కార్బన్ అని ఆటగాళ్లు విడదీసి చెప్పే తేడా వెనక ఉన్న లెక్క ఇదే. మెల్లగా ఆడితే చెక్కలా, గట్టిగా కొడితే కార్బన్‌లా ఉంటుందని లోపలి కార్బన్ బ్లేడ్ల గురించి అంటుంటారు. మెల్లని దెబ్బకు రబ్బరు కింది స్పాంజి నొక్కుకుంటుంది, పైనున్న చెక్క కొంత లొంగుతుంది. గట్టి దెబ్బకు స్పాంజి అడుగంటి పలకంతా వంగబోతుంది, అప్పుడు లోపలి పొర అడ్డుపడుతుంది. ఆ వర్ణన సరైనదే.

ఇంతకీ వేగం ఎక్కడిది? కార్బన్ విల్లులా వంగి బంతిని విసురుతుందన్నది బాగా వ్యాపించిన పొరపాటు. బంతి బరువు 2.7 గ్రాములు. రబ్బర్లతో కలిపి బ్యాట్ 180 గ్రాముల పైచిలుకు. బంతి బ్యాట్‌ను అంటి ఉండేది సెకనులో వెయ్యో వంతో రెండు వంతులో మాత్రమే. ఆ కాసింత వ్యవధిలో పలక వంగుతుంది. అది తిరిగి నిటారుగా వచ్చి బంతిని తోసే లోపే బంతి వెళ్లిపోతుంది. పలకలో మిగిలిపోయిన వంపు కంపనంగా మారి చెక్కలోనూ చేతిలోనూ ఆరిపోతుంది. బంతికి దక్కాల్సిన శక్తి అక్కడ ఖర్చైపోతుంది. గట్టి పలక తక్కువ వంగుతుంది కనుక తక్కువ తింటుంది. కార్బన్ బంతికి కొత్తగా వేగం ఇవ్వదు, ఉన్న వేగాన్ని పోనివ్వదు.

ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ఆటగాళ్ల మాటల్లోని వైరుధ్యాలు చాలావరకు విడిపోతాయి. ఎదుటివాడు విసురుగా కొట్టిన బంతికి బ్యాట్ అడ్డుపెట్టేవాడికి వేగం ఎదుటి నుంచే వస్తుంది. ఆ వేగాన్ని కార్బన్ బ్లేడ్ దాదాపు అలాగే వెనక్కి పంపుతుంది. అందుకే బల్లకు దగ్గరగా నిలబడి బ్లాక్, కౌంటర్ ఆడేవారు దాన్ని మెచ్చుకుంటారు. బల్ల నుంచి రెండు మూడు మీటర్లు వెనక్కి వెళ్లి ఆడేవారికి మరో కారణం ఉంది. సెకనుకు 20 మీటర్ల వేగంతో పోయే ఈ తేలిక బంతిని గాలి దాని బరువుకు సుమారు ఐదు రెట్ల బలంతో వెనక్కి లాగుతుంది. దూరం నుంచి కొట్టిన బంతి దారిలోనే నీరసపడుతుంది. బయల్దేరేటప్పుడు కొంచెం ఎక్కువ వేగం ఉండటం అక్కడ విలువైనదే. చిన్న సర్వీస్‌ను వల పక్కనే చిన్నగా పెట్టాలనుకునేవాడికి కావలసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. బ్యాట్ కొంత వేగాన్ని మింగేయాలి. మింగని బ్యాట్‌తో ఆ పని చేయాలంటే చేతిని వెనక్కి తీసే నేర్పు కావాలి. ఆ నేర్పు ఏళ్ల సాధనతో వస్తుంది. కంట్రోల్ లేదన్న ఫిర్యాదులో సగం బ్లేడ్ గురించి, సగం ఆ నేర్పు ఇంకా రాకపోవడం గురించి.

టాప్‌స్పిన్ ఆడేవారి ఫిర్యాదు వేరు. బంతి వంపు తిరగకుండా బల్ల దాటి పోతోందంటారు, లేదా వలలో పడుతోందంటారు. టాప్‌స్పిన్‌లో బ్యాట్ ముఖాన్ని కిందికి వాల్చి, చేతిని పైకీ ముందుకీ ఊపుతారు. బంతిని పైకి ఎత్తేది రబ్బరు పట్టు. ముందుకు తోసేది పలక నుంచి వచ్చే ఎదురుదెబ్బ. పలక గట్టిపడితే ఆ ఎదురుదెబ్బ పాలు పెరిగి, రబ్బరు ఎత్తే పాలు దాని ముందు తగ్గినట్టవుతుంది. బంతి చదునుగా పోతుంది. మెత్తని బ్లేడ్‌కు అలవాటైన చెయ్యి అదే ఊపు ఊపితే బంతి ఎక్కడో పడుతుంది. రెండు మూడు వారాల సాధనలో చెయ్యి కొత్త ఎత్తుకు సర్దుకుంటుంది. మొదటి రోజు చెప్పిన అభిప్రాయానికీ నెల తరువాతి అభిప్రాయానికీ పొంతన లేకపోవడం సహజం.

ఈ చర్చలో అన్నిటికన్నా లోతైనది ఫీలింగ్ అనే మాట. బంతి ఎక్కడ, ఎంత గట్టిగా తగిలిందో చేతికి తెలియడమే దాని అర్థం అని చాలామంది అనుకుంటారు. బ్లేడ్‌ను వేలి కణుపుతో తట్టి, మోగిన ధ్వనిని ఫోన్‌లో కొలిచే అలవాటు ఆటగాళ్లలో ఉంది. మామూలు చెక్క బ్లేడ్లు సెకనుకు సుమారు 1100 నుంచి 1300 కంపనాల దగ్గర మోగుతాయి. బాగా గట్టి కార్బన్ బ్లేడ్లు 1500 దాటుతాయి. మన చర్మంలో కంపనాన్ని పసిగట్టే పసీనియన్ కణికలు సెకనుకు 200 నుంచి 300 కంపనాల దగ్గర అన్నిటికన్నా చురుగ్గా ఉంటాయి. 1000 దాటితే వాటికి దాదాపు ఏమీ తెలియదు. పలక పిడితో కలిసి ఊగే నెమ్మది కంపనాలు అరచేతికి చేరతాయి. టక్కుమనే ఆ పై స్వరం మాత్రం చేతికి కాక చెవికి చేరుతుంది. ఫీలింగ్ అని ఆటగాడు చెప్పేదానిలో పెద్ద భాగం వినికిడే.

ఆట చరిత్ర ఇందుకు రెండు గట్టి సాక్ష్యాలు ఇస్తుంది. 1952లో ప్రపంచ చాంపియన్‌షిప్ తొలిసారి ఆసియాలో, బొంబాయిలో జరిగింది. జపాన్ ఆటగాడు హిరోజి సతో మందపాటి స్పాంజి అంటించిన బ్యాట్‌తో వచ్చాడు. అప్పటిదాకా దాదాపు అందరి బ్యాట్లూ పలుచని పొక్కుల రబ్బరువే. బంతి తగిలితే టక్కుమని మోగేవి. సతో బ్యాట్ చప్పుడే చేయలేదు. ఆ చప్పుడును బట్టి దెబ్బ బలాన్ని అంచనా వేయడానికి అలవాటైన మేటి ఆటగాళ్లు తడబడ్డారు. సతో పురుషుల సింగిల్స్ గెలుచుకుపోయాడు. తరువాత 1959లో రబ్బరు, స్పాంజి కలిపి 4 మిల్లీమీటర్లు మించకూడదన్న హద్దు వచ్చింది. రెండో సాక్ష్యం ఒకే రంగు రబ్బర్ల కాలానిది. బ్యాట్ రెండు ముఖాలకూ వేరు వేరు గుణాలున్న రబ్బర్లను ఒకే రంగులో అంటించి ఆడే రోజుల్లో, ఏ ముఖంతో సర్వీస్ చేశారో ఎదుటివారు చప్పుడును బట్టి పట్టేసేవారు. అందుకని కొందరు సర్వీస్ చేసే క్షణంలోనే కాలు నేలకేసి గట్టిగా తన్నేవారు. 1980లలో ఆ కాలి దెబ్బను నిషేధించారు. ఒక ముఖం ఎరుపు, రెండోది నలుపు ఉండాలన్న నియమమూ ఆ దశాబ్దంలోనే వచ్చింది.

కార్బన్ బ్లేడ్ చేతికి తెలియట్లేదనే వ్యక్తి దాని పై స్వరాన్ని ఇంకా చదవడం నేర్చుకోలేదని అర్థం చేసుకోవచ్చు. ఆరిలేట్ కలిపిన బ్లేడ్‌ను మెత్తగా ఉందంటారు. ఆరిలేట్ పీచు కంపనాన్ని త్వరగా ఆర్పేస్తుంది, అందువల్ల మోత పొట్టిగా వినిపిస్తుంది. ఒట్టి కార్బన్ ఉన్న బ్లేడ్ టంగుమని సాగుతుంది. వేగం దాదాపు సమానమే అయినా రెండో దాన్నే వేగవంతమైనదిగా భావించేవారు ఎక్కువ. తయారీ కంపెనీలు డబ్బా మీద వేసే వేగం అంకెలు ఈ అయోమయాన్ని తీర్చవు. ఆ అంకెలకు అందరూ ఒప్పుకున్న కొలమానం లేదు. ఒక కంపెనీ పదికి తొమ్మిది అన్నది ఇంకో కంపెనీ తొమ్మిదితో సమానం కానక్కర్లేదు.

కార్బన్‌కు గిరాకీ పెరగడానికి ఆటను నెమ్మదించిన నియమాలు కూడా దోహదం చేశాయి. 2000లో బంతి వ్యాసం 38 మిల్లీమీటర్ల నుంచి 40కి పెరిగింది. 2008 సెప్టెంబరు నుంచి ఆవిరయ్యే ద్రావకాలున్న స్పీడ్ గ్లూను నిషేధించారు. ఆ గ్లూ స్పాంజిని ఉబ్బించి బంతికి వేగాన్నీ, బ్యాట్‌కు ఒక చక్కని మోతనూ ఇచ్చేది. 2014లో సెల్యులాయిడ్ బంతి స్థానంలో ప్లాస్టిక్ బంతి వచ్చి స్పిన్ కొంత తగ్గింది. ప్రతి మార్పులోనూ కోల్పోయిన వేగాన్ని పలక నుంచి రాబట్టుకోవాలని ఆటగాళ్లు చూశారు.

తెలుగువారికి ఈ ఆటలో మంచి వారసత్వమే ఉంది. హైదరాబాద్‌కు చెందిన మీర్ ఖాసిం అలీ 1969లో అర్జున అవార్డు అందుకున్నారు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచిన జంటలో ఒకరు చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందిన ఆచంట శరత్ కమల్, రెండోవారు హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ. శరత్ పది సార్లు జాతీయ చాంపియన్. శ్రీజ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చివరి పదహారు మందిలో నిలిచింది. డబుల్స్‌లో ఇద్దరూ వంతులవారీగా కొట్టాలి. ఒకరి చేతిలోంచి వెళ్లిన బంతి తిరిగి వచ్చేది రెండోవారి బ్యాట్ మీదికే. పొడగరి అయిన పురుషుడి ఫోర్‌హాండ్ బలానికి సరిపోయే బ్లేడే ఆయన భాగస్వామికీ సరిపోవాలని ఏమీ లేదు. అందుకే కోచ్‌లు మేటి ఆటగాడి బ్లేడ్‌ను పిల్లల చేతికి ఇవ్వరు. చేతి ఊపు కుదిరేదాకా ఐదు పొరల మామూలు చెక్క బ్లేడ్‌తోనే ఆడిస్తారు. అది సరైన పద్ధతి. వేగాన్ని తానే పుట్టించడం రాని చేతికి, వేగాన్ని కాపాడే బ్యాట్ నేర్పేది ఏమీ ఉండదు.

అభిప్రాయాల్లో ఇంకో తేడా ఊరిని బట్టి వస్తుంది. దీన్ని ఆటగాళ్లు తగినంతగా పట్టించుకోరు. బళ్లారి సముద్ర మట్టానికి సుమారు 480 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. బంతి గాలికి కొట్టుకుపోతుంది కనుక ఆట నడిచే హాలులో ఫ్యాన్లు ఆపేస్తారు. అటువంటి మధ్యాహ్నం కౌల్ బజార్‌లోని గాలి, సముద్రపు ఒడ్డున 30 డిగ్రీలున్న చెన్నై గాలి కన్నా ఏడెనిమిది శాతం పలుచన. ఎత్తూ వేడీ కలిసి చేసే పని అది. బంతిని వెనక్కి లాగే బలమూ, టాప్‌స్పిన్ బంతిని కిందికి వంచే బలమూ రెండూ గాలి సాంద్రతను బట్టే ఉంటాయి. రెండూ అంతే శాతం తగ్గుతాయి. చెన్నైలో బల్ల చివర పడే దెబ్బ ఇక్కడ బల్ల దాటవచ్చు. వేడికి రబ్బరు, స్పాంజి మరింత చురుగ్గా ఎగరేస్తాయి. తప్పు అంతా బ్లేడ్ వేగానిదే అనిపిస్తుంది.

తేమ కూడా తన వంతు చేస్తుంది. కలప చుట్టూ ఉన్న గాలిని బట్టి నీటిని పీల్చుకుంటుంది, వదులుతుంది. బళ్లారి వేసవి లాంటి పొడి గాలిలో కలపలో నీరు ఐదు శాతం దగ్గర నిలుస్తుంది. తీరప్రాంతపు వానాకాలంలో పదమూడు పద్నాలుగు శాతానికి చేరుతుంది. 88 గ్రాముల బ్లేడ్‌లో ఇది అంచులకు వార్నిష్ వేయకపోతే నాలుగైదు గ్రాముల తేడా దాకా తేవచ్చు. ఎండిన కలప గట్టిపడుతుంది, పై స్వరంలో మోగుతుంది. కార్బన్ పీచు మాత్రం నీటిని పీల్చుకోదు. దాన్ని పట్టి ఉంచే జిగురూ, చుట్టూ ఉన్న 85 శాతం కలపా రుతువుతో పాటు మారుతుంటాయి. తేమ ఎక్కువైన చోట రబ్బరు మీద సన్నని నీటి పొర కమ్మి బంతి జారుతుంది. పొడి చోట పట్టు దొరుకుతుంది, కానీ ఇనుప ఖనిజం తవ్వే ఈ నేల ఎర్రదుమ్ము రబ్బరు మీద చేరితే ఆ పట్టు కూడా పోతుంది. ఆట అయ్యాక తడి స్పాంజితో తుడిచి, పల్చని ప్లాస్టిక్ కాగితం అంటించి పెట్టడం ఇక్కడ తప్పనిసరి.

రెండు బ్లేడ్లను నిజంగా పోల్చాలంటే రబ్బర్లు ఒకే రకానివి, ఒకే మందానివి, ఒకేసారి కొన్నవి అయి ఉండాలి. బరువు తేడా రెండు మూడు గ్రాములు మించకూడదు. రెండూ ఒకే రోజు ఒకే హాలులో ఆడాలి. పిడి మీద పేరు కనిపించకుండా టేపు చుట్టి, ఏది ఏదో ఆటగాడికి తెలియకుండా ఒక మిత్రుడు అందించాలి. చెవులకు దూది పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి ఆడితే వేగం గురించిన అభిప్రాయంలో ఎంత పాలు చప్పుడుదో తేలుతుంది. రబ్బరు అంటించక ముందు వట్టి పలకను గట్టి బల్ల మీద పరిచి 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి బంతి వదిలి చూడటం మాత్రం పెద్దగా ఉపయోగపడదు. కింద బల్ల ఆనుకుని ఉంటే పలక వంగే వీలే ఉండదు, కార్బన్ ఉన్నదీ లేనిదీ దాదాపు ఒకేలా ఎగరేస్తాయి. పిడిని చేత్తో పట్టుకుని, పలక గాలిలో ఉండగా బంతిని వదిలినప్పుడే తేడా బయటపడుతుంది.